చుక్క కారని పడవ

మా అమ్మ నన్ను ఆదోనికి ఇచ్చింది అక్కడ నీళ్లు లేవనే. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. మా వైపు పిల్లనిచ్చే ముందు ఆస్తిపాస్తుల కంటే ముందు అడిగేది నీళ్ల సంగతే. కడవెత్తుకుని కోసెడు దూరం నడవాల్సిన ఊరైతే ఎంత మంచి సంబంధమైనా వెనక్కి తగ్గుతారు. మా అమ్మా అడిగింది. "కొళాయి నాలుగు దినాలకొకసారి వస్తాదమ్మా. ఏరు లేదు, వంక లేదు" అని మా అత్త తలొంచుకుని చెప్పింది. "అట్లయితే మాకు సమ్మతమే" అంది మా అమ్మ. సంబంధం తెచ్చిన పెద్దమనిషి నోరు తెరుచుకుని చూశాడు.

మాది తుంగభద్ర ఒడ్డున ఊరు. అవతలి గట్టు కర్ణాటక. మా నాయన పుట్టి నడిపేవాడు. వెదురు బద్దలతో అల్లి, పైన తోలు కప్పిన పెద్ద గుండ్రటి బుట్ట అది. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా మనుషుల్ని, మేకల్ని, జొన్న మూటల్ని అటూ ఇటూ దాటించేవాడు. బడి లేని రోజు నేను పుట్టిలోనే ఉండేదాన్ని. తెడ్డు వేయడం నాయనే నేర్పాడు. తెడ్డు పక్కన వేస్తే పుట్టి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ముందుకు చాచి, నీళ్లను మన వైపు లాక్కోవాలి. పుట్టి అడుగున ఎప్పుడూ కాసిన్ని నీళ్లు ఊరుతూ ఉండేవి. వాటిని తోడిపోయడానికి ఒక రేకు డబ్బా తాడుతో కట్టి ఉండేది. ఆ డబ్బా పని నాది. "రొవంత ఊరితేనే పుట్టి బాగున్నట్టు. సుక్క కారనిదాన్ని నమ్మాకు" అనేవాడు నాయన. పిల్లతనం, ఎందుకని అడగలేదు.

వరదతో ఏరు ఎర్రగా పారుతున్న ఒక రోజు, అవతలి గట్టున చిక్కుకున్నవాళ్లను తీసుకొస్తానని ఒక్కడే పోయాడు. మా అమ్మ ఒడ్డున నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. నడి ఏట్లో పుట్టి తిరగడం కనిపించింది. తర్వాత ఏమీ కనిపించలేదు. ఎవరు ఎంత చెప్పినా అమ్మ పొద్దు గూకేదాకా కూర్చోలేదు. పుట్టి కింది ఊళ్లో దొరికింది, డబ్బా దానికి కట్టే ఉంది. నాయన దొరకలేదు. ఆ యేడే మేము ఏరు వదిలేసి పత్తికొండ దగ్గర మా మేనమామ ఊరికి వచ్చేశాం. అమ్మ ఇప్పటికీ అక్కడే, మా తమ్ముడి దగ్గర ఉంటుంది.

కాబట్టి ఆదోనిలో నీళ్లకు కటకటలాడినన్ని రోజులూ నేను హాయిగా ఉన్నాను. బిందెలు వరుసలో పెట్టి కొట్లాడాను, కొళాయిని తిట్టాను, కానీ నీళ్లంటే భయపడే అవసరం రాలేదు. చెంబెడు నీళ్లు మనిషిని ఏం చేస్తాయి?

మా ఆయన వడ్రంగి. వాళ్ల తాత ఎద్దుల బండ్లు చేసేవాడు. ఈయన వచ్చేసరికి బండ్లు పోయి తలుపులు, కిటికీలు మిగిలాయి. ఇప్పుడు జనం తలుపులు కూడా తయారైనవే కొనుక్కుంటున్నారు. పని తగ్గాక ఈయన ఫోనులో వీడియోలు చూడటానికి అలవాటు పడ్డాడు. ఏ దేశమో తెలియదు, ఎవరో ముసలాయన ఇంటి వెనక షెడ్డులో చిన్న చెక్క పడవ చేస్తుంటాడు. ఆయన మాట మాకు అర్థం కాదు. మా ఆయనకు మాత్రం ఆ చేతులు అర్థమయ్యేవి. అన్నం తింటూ అదే, పడుకునే ముందు అదే.

కిందటి యేడు, ఎండలు ముదరకముందే, కూల్చేస్తున్న పాత జిన్నింగు మిల్లు నుంచి టేకు దూలాలు తెచ్చి వాకిట్లో దింపాడు.

"ఏం సేస్తావు వీటితో?" అన్నాను.

"పడవ."

"తాగేదానికే నీళ్లు లేవు ఈడ. పడవ యాడ తిప్పుతావు, వాకిట్లోనా?"

"గాజులదిన్నె ప్రాజెక్టులో తిప్పుతా. ఇన్నేండ్లు నేను సేసినవన్నీ గోడకు బిగిచ్చేటివే. మా తాత సేసిన బండి ఊర్లు దాటి పోయేది. నేనూ పోయేదొకటి సెయ్యాల" అన్నాడు.

నవ్వాల్సినదాన్ని, నవ్వలేకపోయాను. ఎందుకంటే మా ఆయనకు ఈత రాదు. మంత్రాలయం పోయినప్పుడు కూడా ఏట్లోకి దిగడు. మెట్టు మీద కూర్చుని చెంబుతో ముంచుకుని నెత్తిన పోసుకునే రకం. మా నాయన సంగతి ఆయనకు తెలియక కాదు. గుర్తు చేస్తే, "అది తోలు, వెదురు. ఇది టేకు. నూరేండ్లు దూలమై నిలబడిన టేకు" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

సామిల్లులో దూలాలను పలకలుగా కోయించాడు. లోపలి వంపులకు, బండ్లకు వాడినట్టే, వంకర తిరిగిన తుమ్మకొమ్మలు ఏరి తెచ్చాడు. వీధిలో వాళ్లకు మా వాకిలి తిరునాళ్లయింది. "ఏమన్నా, ప్రళయం వస్తాందా? మాకూ రొంత జాగా పెట్టు" అని ఒకరు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఇంకొకరు. పలకలు వంచడానికి వాటి మీద గోనెసంచులు కప్పి, పొద్దస్తమానం మరిగే నీళ్లు పోసేవాడు. కొళాయి వచ్చిన రోజు నేను తొట్టి నింపుకుంటే, మరుసటి రోజుకు అందులో సగం పలకలు తాగేవి. "మనుషులకు లేవు గానీ కట్టెలకు పోస్తాండావు" అని అరిచేదాన్ని. ఆ అరుపు నీళ్ల కోసం కాదని ఆయనకూ తెలుసు.

పడవకు ఆకారం వచ్చింది. అది వాకిట్లో అడ్డంగా పడి ఉండేది, వంటింట్లోకి పోవాలన్నా దాన్ని దాటుకునే పోవాలి. నేను దాన్ని ముట్టుకోకుండా గోడకు ఆనుకుని నడిచేదాన్ని. ఆ యేడు నేను చేసిన పని ఎవరితోనూ అనలేదు: వానలు రావద్దని గంగమ్మకు మొక్కుకున్నాను. కరువు సీమలో పుట్టి, వాన కోసం కప్పలకు పెళ్లిళ్లు చేసే మనుషుల మధ్య బతుకుతూ, ప్రాజెక్టు నిండొద్దని మొక్కుకున్నాను. భయం మనిషిని అంత దూరం తీసుకుపోతుంది.

ఎండాకాలంలో అమ్మ వచ్చింది. ఆమెకు చూపు బాగా తగ్గింది, నీడలే కనిపిస్తాయి. వాకిట్లో అడుగుపెట్టగానే కాలికి పడవ తగిలింది. "ఏందిది?" అంది. మా ఆయన చటుక్కున, "గొడ్లకు కుడితి తొట్టి, అత్తా. ఎవరో సేసిమ్మన్నారు" అన్నాడు.

అమ్మ వంగి అంచు మీద చేయి పెట్టింది. చేయి ఎత్తకుండా అట్లాగే తడుముకుంటూ ముందుకు నడిచింది. రెండు పక్కల పలకలూ వచ్చి కలిసే కొస దగ్గర ఆగింది.

"తొట్టికి ముక్కుంటాదా నాయనా?" అంది.

అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. ఆ రోజు అన్నం తింటూ నాతో మాత్రం అంది: "ఆయప్ప మాట ఇనడు, తెలుసు. పోతే పోనీ. నువ్వు మాత్రం ఒడ్డున నిలబడాకమ్మా. మీ నాయనను ఏరు ఒక్క గడియలో తీసకపోయింది. నన్ను ఒడ్డే తినింది. ఇప్పుడు కూడా ఆడనే నిలబడినట్టు ఉంటాది నాకు." మరుసటి రోజు పొద్దున్నే తమ్ముణ్ని పిలిపించుకుని వెళ్లిపోయింది. నాలుగు రోజులు ఉండటానికి వచ్చిన మనిషి, మూట కూడా విప్పలేదు.

అమ్మ పోయాక నా భయం ఇంకొక దారి పట్టింది. ఆయన ఆగడు, వానలూ ఆగవు. ఇక నాకు మిగిలింది ఒకటే, ఆ పడవలోకి ఒక్క చుక్క కూడా రాకుండా చూడటం. అప్పటిదాకా ముట్టని పడవ మీద నేను చేయి వేసింది ఆ కారణంతోనే.

మే నెల ఎండకు మా ఊళ్లో తలుపులే ఎండి గొళ్లెం పడకుండా పోతాయి. ఈ పలకలూ ఎండి, ఒకదానికొకటి ఆనించి బిగించినవి కాస్తా విడిపోయి, సందుల్లోంచి వెలుతురు కనబడసాగింది. ఫోనులో ముసలాయన ఆ సందుల్లో దూది కూరుతున్నాడు. దూది అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆదోనిలో దూదికేం కొదవ? పెళ్లయిన కొత్తలో నేను జిన్నింగు మిల్లులో పత్తి ఏరిన మనిషినే. దీపారాధనకు చేసినట్టే కూర్చుని తొడ మీద వత్తులు చేశాను. అయితే ఇవి వేలెడు వత్తులు కావు, వాకిలంత పొడుగు వత్తులు. ఆయన ఉలి మొద్దు వైపు పెట్టి చెక్క సుత్తితో కొడితే, వత్తి సందులోకి దిగేది.

తలుపులు చేసే చేతికి సందంటే పగ. నాకు నీళ్లంటే భయం. ఇద్దరం కలిశాం. "ఇంగొకటి పెట్టు" అనేదాన్ని. పెట్టేవాడు. "ఇంగా పడతాది, కొట్టు" అనేదాన్ని. కొట్టేవాడు. ఉలి ఇక దిగనని మొండికేసేదాకా, ఒక్కొక్క సందులో వత్తి మీద వత్తి దిగ్గొట్టాం. పైన గుగ్గిలం, నూనె కాచి పూశాం. ఆ తర్వాత దీపం పెట్టి అడుగునుంచి చూస్తే సూది మొనంత వెలుతురు కూడా కనిపించలేదు. ఎన్నో వారాల తర్వాత ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

తెరచాపకు ఎమ్మిగనూరు మగ్గం బట్ట, దుప్పట్లకు నేసే దళసరిది తెప్పించాడు. మిషను మీద నేనే కుట్టాను. నా మొక్కు గంగమ్మ వినలేదు. వినకపోవడమే న్యాయం. వానలు బాగానే కురిసి ప్రాజెక్టులోకి నీళ్లు చేరాయి. ఆషాఢం గాలి మొదలయ్యాక పడవను మినీ లారీ ఎక్కించాం. ఎమ్మిగనూరులో టీకి ఆగితే జనం మూగారు. "ఏమప్పా, యాడ సముద్రం వచ్చింది?" అని అడిగితే మా ఆయన పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. నేను లారీ దిగలేదు. ఒళ్లో తెరచాప పెట్టుకుని, దాని కుట్లు మళ్లీ మళ్లీ లాగి చూసుకుంటూ కూర్చున్నాను.

గాజులదిన్నె దగ్గర చేపలు పట్టేవాళ్లు సాయం చేసి పడవను నీళ్లలోకి దించారు. వాళ్ల పుట్టీలు ఒడ్డున బోర్లించి ఉన్నాయి. ఇప్పుడు తోలు లేదు, ప్లాస్టిక్ పట్టా మీద తారు పూస్తున్నారు. వాటి వైపు చూడకుండా ఉండటానికి శతవిధాలా ప్రయత్నించాను. మా ఆయన ఎక్కి కూర్చుని, తెడ్లు అటొకటి ఇటొకటి తడబడుతూ వేసుకుంటూ ఒడ్డు వెంబడే పోయి వచ్చాడు. నన్ను ఎక్కమన్నాడు. ఎక్కలేదు. ఒక బండ మీద వీపు నీళ్ల వైపు పెట్టి కూర్చున్నాను.

"ఏమ్మే, ఇట్లా తిరుగు. సూడు, లోపల దుమ్ము కూడా తడవలే. సుక్క కారలే!"

నిజమే. అడుగున చెక్కపొట్టు అట్లాగే పొడిగా ఉంది. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం నాయన రేకు డబ్బా గుర్తొచ్చింది. "తోడేదానికి ఒక డబ్బా అన్నా పెట్టుకోయ్యా" అన్నాను. "యా నీళ్లు తోడాల? నీ దూది సుక్కను రానిస్తాందా?" అని నవ్వాడు. నా పనిని మెచ్చుకున్నాడు కదా అని నేనూ ఊరుకున్నాను.

మేము వెళ్లిన రోజు గాలి పడిపోయింది. పడవను నీళ్లలోనే ఒక మొద్దుకు కట్టేసి, ఎమ్మిగనూరులో మా ఆడబిడ్డ ఇంట్లో రెండు మూడు రోజులు ఉన్నాం. ఆ రోజుల్లో నేను తిన్నది ఒంటబట్టలేదు. గాలికి వేపకొమ్మ కదిలితే చాలు, ఆయన చెప్పుల వైపు చూసేవాడు, నేను ఆయన వైపు చూసేదాన్ని. చివరికి గాలి లేచింది.

మేము చేరేసరికి ఒడ్డున ఎవరూ లేరు. పొద్దుటి చేపలు తీసుకుని అమ్మకానికి పోయినట్టున్నారు. "వాళ్లు వచ్చినాక పో" అన్నాను. "గాలి వాళ్ల కోసం ఆగుతాందా?" అన్నాడు. "తాడు కట్టు, నేను ఈడ పట్టుకుంటా" అన్నాను. "పడవకు పగ్గమేందిమే, ఎద్దా?" అన్నాడు. తెరచాప ఎత్తాడు. నేను కుట్టిన బట్ట గాలికి ఉబ్బింది, పడవ ఒక పక్కకు ఒరిగి, బాణంలా పోయింది.

నేను ఒడ్డున నిలబడ్డాను. నిలబడ్డానని కొంతసేపటికి గానీ నాకే తెలియలేదు. మా అమ్మ ఎట్లా నిలబడిందో అట్లాగే, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని.

మొదట బాగానే పోయింది. ఆయన సంతోషంతో ఏదో అరిచాడు, గాలికి మాట అందలేదు. తర్వాత పడవ వేగం తగ్గింది. గాలి అట్లాగే ఉంది, బట్ట అట్లాగే ఉబ్బి ఉంది, పడవ మాత్రం బరువెక్కినట్టు నిదానించింది. అంచు నీళ్లకు దగ్గరైంది. ఆయన వంగాడు. లేచాడు. మళ్లీ వంగాడు. రెండు దోసిళ్లతో ఏదో ఎత్తి బయటికి విసురుతున్నాడు. అంత దూరం నుంచి ముఖం కనబడదు, నీళ్లు కనబడవు. కానీ ఆ వంగడం, ఆ చేతి ఊపు నాకు తెలుసు. చిన్నప్పుడు రోజంతా నేను చేసిన పని అది.

అరిచాను. ఎవరూ లేరు. ఫోను తీసి ఎవరికి చేయాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తెరచాప ఒక్కసారిగా పక్కకు వాలి నీళ్ల మీద పడింది. పడవ కనిపించడం లేదు. నీళ్ల మీద ఒక తల, భుజాలు, అంతే. అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె చివరిసారి చూసింది కూడా ఇంతే కదా అనిపించింది.

బోర్లించిన పుట్టీల్లో చిన్నదాన్ని తిప్పాను. దాని కిందే తెడ్డు ఉంది, తాడుకు కట్టిన ప్లాస్టిక్ డబ్బా కూడా ఉంది. చీర గోచీ పోసి బిగించి, పుట్టిని ఈడ్చి నీళ్లలోకి తోసి ఎక్కాను. కంగారులో మొదట తెడ్డు పక్కన వేశాను. పుట్టి గిర్రున తిరిగింది. కళ్లు మూసుకుపోయాయి. నడి ఏట్లో తిరిగిన పుట్టే కళ్లలో నిలిచింది. తెరిచి, తెడ్డును ముందుకు చాచి, నీళ్లను నా వైపు లాక్కున్నాను. ఇంకోసారి లాక్కున్నాను. నలభై ఏళ్లయినా చేతులు మరిచిపోలేదు. అడుగున నీళ్లు ఊరి పాదాలు తడుస్తున్నాయి. భయం పోయిందని చెప్పను, పళ్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. అయినా చేతికి పని దొరికింది. గాలి నా వెనకనుంచే ఉండటం నా అదృష్టం.

దగ్గరికి పోయి చూస్తే పడవ మునిగిపోలేదు. నిండా నీళ్లతో, అంచుల దాకా దిగబడి, కట్టె కాబట్టి అట్లాగే తేలుతోంది. ఆయన దాని మధ్యలో, ఎదురొమ్ము లోతు నీళ్లలో, తెరచాప కొయ్యను కావలించుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "మొన్న సుక్క కారలే గదమే" అన్నాడు, నన్నే అడుగుతున్నట్టు.

"గమ్మునుండు. పుట్టి అంచు పట్టుకో. ఎక్కాకు! ఎక్కితే ఇద్దరం పోతాం" అని అరిచాను. పెళ్లయినప్పటి నుంచి ఆయన్ని నేను అంత గొంతుతో గద్దించింది లేదు. ఆయన ఒక చేత్తో కొయ్య, ఒక చేత్తో పుట్టి అంచు పట్టుకున్నాడు. గాలి మా ఇద్దర్నీ, పడవనూ కలిపి మెల్లగా తోసుకుపోయి, నీళ్లలో సగం మునిగిన తుమ్మచెట్ల దగ్గర వదిలింది. ఆయన కాళ్లకు బురద తగిలింది. ఒడ్డుకు పాక్కుంటూ వచ్చి, బురదలోనే కూలబడి, నా చేయి పట్టుకుని వదల్లేదు. తిట్టడానికి నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. ఇద్దరం ముళ్లు గీరుకున్న ఒళ్లతో చేపలవాళ్లు వచ్చేదాకా ఏడుస్తూ కూర్చున్నాం.

ఇంటికి తెచ్చాక కానీ జరిగిందేమిటో తెలియలేదు. ముక్కు దగ్గర అడుగు పలక కొస తుమ్మకట్టె నుంచి లేచి వచ్చింది. మేకులు ఊడి బయటికి పొడుచుకుని ఉన్నాయి. సందులో దూదిని ఉలితో తవ్వితే రాలేదు, రాయిలా ఉంది. మిల్లులో యంత్రం కింద పడి బేలుగా మారిన పత్తి ఎంత గట్టిగా ఉంటుందో నేను చూడని దాన్నా? మా ఎండకు ఎముకలా ఎండిన టేకు, రెండు మూడు రోజులు నీళ్లలో నాని ఉబ్బింది. ఉబ్బడానికి చోటు కావాలి. ఆ చోటంతా నేను దూదితో నింపేశాను. దూది తగ్గదు, చెక్క తగ్గదు, చివరికి మేకు తగ్గింది. మొదటి రోజు చుక్క కారకపోవడమే దాని రోగం.

మా ఆయన ఆ పలకను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఎండకాలం బండి చక్రం వదులైతే మా తాత సందుల్లో చీలలు కొట్టేటోడు కాదు. కుంట నీళ్లలో పడేసి ఇంటికొచ్చేటోడు. అదే బిగుసుకునేది. ఇది సూస్తా పెరిగినోన్ని నేను" అన్నాడు. పలకను పక్కన పెట్టి, "పొయ్యిలోకి కొట్టేస్తాలే. నీకు మళ్లా ఆ భయం వద్దు" అన్నాడు.

ఆ మాట కోసం నేను ఇన్ని నెలలుగా మొక్కని దేవుడు లేడు. తీరా ఆయన అన్నాక, సరే అని నోట రాలేదు. నాకు భయం పోలేదు. ఇప్పటికీ కళ్లు మూస్తే నీళ్ల మీద ఆ తల, భుజాలు కనిపిస్తాయి. కానీ ఆ రోజు నేను రెండు భయాలు చూశాను. ఒడ్డున నిలబడిన భయం ఒకటి, పుట్టిలో తెడ్డు వేస్తున్న భయం ఒకటి. మొదటిది మనిషిని నిలువునా తింటుంది. రెండోదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పని చేసుకోవచ్చు. కాల్చినా ఈయన ఇంకొకటి చేస్తాడు, ఆ సంగతీ నాకు తెలుసు.

"కాల్చొద్దు. దూది తీసేద్దాం. ఈసారి నేను సెప్పినంతే కొట్టాల" అన్నాను.

దూదంతా తవ్వి తీశాం. మళ్లీ వత్తులు చేశాను. ఈసారి సందుకొకటి, వేలితో నొక్కితే లోపలికి దిగేటంత మెత్తగా. ఆయన సుత్తి ఎత్తినప్పుడల్లా నేను చేయి అడ్డం పెట్టాను. దీపం పెట్టి చూస్తే అక్కడక్కడా వెలుతురు కనిపించింది. దాన్ని చూస్తూ ఊరుకోవడం నాకు నీళ్లలోకి దిగడం కంటే కష్టమైంది.

మళ్లీ గాజులదిన్నెకు పోయే ముందు అమ్మకు ఫోను చేసి జరిగిందంతా, మళ్లీ పోతున్నామనీ చెప్పాను. విని పెట్టేసింది. పడవను నీళ్లలో దించగానే అన్ని సందుల్లోంచీ నీళ్లు ఎగదన్నాయి. తోడేకొద్దీ ఊరి, మరుసటి రోజుకు చెక్క ఉబ్బి బిగుసుకుని, రొవంత ఊటకు వచ్చి ఆగింది. గాలి చల్లగా, నిదానంగా ఉంది. ఆయన ఎక్కి కూర్చుని నా వైపు చూశాడు, రమ్మని మాత్రం అనలేదు. చీర బిగించుకుని ఎక్కి, కాళ్ల దగ్గర కూర్చున్నాను. గట్టు మెల్లగా వెనక్కి జరుగుతుంటే ఒక చేత్తో పడవ అంచు గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడే ఫోను మోగింది. తమ్ముడి ఫోనులోంచి అమ్మ.

"యాడుండావమ్మా? ఒడ్డున నిలబడుకొన్యావా?"

"లేదమ్మా. పడవలో ఉండాను" అన్నాను.

అమ్మ చిన్న గొంతుతో అడిగింది: "నీళ్లు తోడేదానికి ఏమన్నా పెట్టుకున్యారా?"

"పెట్టుకున్యామమ్మా. చెంబుంది, నా చేతిలోనే ఉంది" అని, పాదాల దగ్గర ఊరిన నీళ్లు ముంచి బయటికి పోశాను.